ముక్కు మావయ్య వంటింటి బండి

మా మావయ్య ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలో ముందు కాలు పెట్టేవాడు కాదు, ముక్కు పెట్టేవాడు. తలుపు తీసినవాళ్ళు “రండి, రండి” అనేలోపు మెడ సాగదీసి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చి, “ఊఁ, ఫర్వాలేదు” అని అప్పుడు లోపలికి వచ్చేవాడు. ఫర్వాలేనిది ఏమిటో కొత్తవాళ్ళకి అర్థమయ్యేది కాదు. పాతవాళ్ళు అడగడం ఎప్పుడో మానేశారు. ఆయన వెతికేది గ్యాస్ వాసన కోసం. ఎవరి వంటింట్లో ఏ పైపు కారుతోందో, ఏ పొయ్యి సరిగ్గా కట్టలేదో పసిగట్టే బాధ్యత లోకం తన ఒక్కడి నెత్తిన పెట్టిందని ఆయన గట్టి నమ్మకం.

కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆయనకి ఒకటి ఉండాలి. అది దుకాణం బోర్డు మీదే ఉండిపోయింది. చుట్టాలకీ, వీధిలోవాళ్ళకీ, చివరికి కరెంటు బిల్లు ఇచ్చే మనిషికీ ఆయన ముక్కు మావయ్యే. దేవుడు కూడా పేరుకు తగ్గ ముక్కే ఇచ్చాడు. ముఖంలో మిగతావన్నీ దానికి చోటిచ్చి పక్కకి తప్పుకున్నట్టుండేవి.

కారు సీట్లకి తొడుగులు కుట్టడం ఆయన వృత్తి. దుకాణం నిండా రెగ్జిన్ చుట్టలు, స్పాంజి ముక్కలు, డబ్బాల్లో జిగురు. ఆ జిగురు ఘాటుకి మామూలు మనిషికి కాసేపట్లో తల తిరిగేది. అలాంటి చోట పగలంతా కూర్చుని కూడా, సందు చివర ఎవరింట్లోనో పాలు పొంగితే కుట్టుమిషను ఆపి, “పొంగాయి” అనేవాడు. ఈ పిచ్చి ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక చలికాలంలో పట్టుకుంది. జిగురు పీల్చి పీల్చి తలకెక్కిందని మా అమ్మ సిద్ధాంతం.

పోనీ, నిలబడి వాసన చూసి ఊరుకునేవాడా అంటే, అదీ లేదు.

“గ్యాస్ గాలి కంటే బరువు కోడలా! పైకెక్కదు. దొంగలాగా నేల మీద పాకుతుంది. నిలబడి వెతికితే దొంగ దొరుకుతాడా?” అనేవాడు నాతో.

ఒకసారి సోఫా కొలతలు తీసుకోవడానికి ఒక డాక్టరు గారింటికి వెళ్ళాడు. డాక్టరు గారి భార్య కుర్చీ చూపించి, మంచినీళ్ళు తేవడానికి వెనక్కి తిరిగింది. ఆవిడ గ్లాసుతో వచ్చేసరికి మావయ్య కుర్చీలో లేడు. వంటింట్లో పొయ్యి గట్టు కింద బోర్లా పడుకుని, నేలకి ముక్కు ఆనించి ఉన్నాడు. ఆవిడ కెవ్వున కేకేసి గ్లాసుడు నీళ్ళూ ఆయన నెత్తిన గుమ్మరించింది. డాక్టరు గారు స్టెతస్కోపు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, వెల్లకిలా తిప్పి, చొక్కా గుండీలు విప్పారు. మావయ్య తడిసిన ముఖంతో లేచి కూర్చుని, “కంగారేం లేదండీ, వాసనేం లేదు. సోఫా ఏ గదిలో ఉంది?” అన్నాడు.

మా అత్తయ్య ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. ఆవిడ చేతి వంట తిన్నవాళ్ళు హాస్టల్ మారమంటే ఉద్యోగం మారడానికైనా సిద్ధపడేవాళ్ళు కానీ హాస్టల్ మారేవాళ్ళు కాదు. మావయ్య రోజూ పొద్దున్నే ఆవిడతో పాటు ఆ వంటింట్లోకి వెళ్ళి, ఒక చుట్టు చుట్టి, నేల మీద ఒకసారి వంగి చూసి, అప్పుడు దుకాణానికి వెళ్ళేవాడు. మధ్యాహ్నం ఏదో వంక పెట్టుకుని మళ్ళీ వచ్చేవాడు.

“ఏం అత్తా, వాసన ఇన్‌స్పెక్టరు గారు వచ్చి వెళ్ళారా?” అని ఆడపిల్లలు కిసుక్కున నవ్వేవాళ్ళు.

“వచ్చారు, వెళ్ళారు. మీ టిఫినుకి సంతకం పెట్టారు, తినండి,” అనేది అత్తయ్య.

ఇంట్లో ఆవిడ వంట చేస్తుంటే ఆయన పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవాడు. “ఉల్లిపాయలు వేగాయి, ఇక చాలు... రొట్టె మాడబోతోంది, తిప్పు... పాలు అడుగంటుతున్నాయి,” అంటూ క్రికెట్ కామెంటరీలాగా చెప్పుకుపోయేవాడు. తన వంటింట్లో ఇంకొకరు గరిటె ముట్టుకుంటేనే సహించని మనిషి, ఆయన చెప్పినవన్నీ కిక్కురుమనకుండా చేసేది. “మొగుడి పెత్తనం ఎక్కడైనా భరించవచ్చు కానీ వంటింట్లో ఎలా భరిస్తుందే తల్లీ!” అని మా అమ్మ బుగ్గలు నొక్కుకునేది.

అత్తయ్యకి జీవితంలో ఉన్న కోరిక ఒక్కటే. దాన్ని ఆవిడ ఎవరు అడిగినా దాచుకోకుండా చెప్పేది.

“నాకు నగలొద్దు, మేడలొద్దు వదినా. ఎదురుగా ఒక చెరువు ఉండాలి. నా పొయ్యి నాకుండాలి. కిటికీలోంచి నీళ్ళు చూసుకుంటూ నాలుగు కప్పుల టీ కాయాలి. గంగాళాలతో కాచీ కాచీ విసుగొచ్చేసింది. నాలుగంటే నాలుగే కప్పులు.”

ఆ నాలుగు కప్పుల కోసం మావయ్య ఒక రొట్టెల కంపెనీ అమ్మకానికి పెట్టిన పాత వ్యాను కొన్నాడు. దాన్ని మా పెరట్లో నిలబెట్టి, ఆదివారాలన్నీ దానికే ధారపోశాడు. పగలు సోఫాలు, రాత్రి మంచాలు అయ్యే బల్లలు చేశాడు. వాటికి తనే మెత్తలు కుట్టాడు. కిటికీకి ఎదురుగా చిన్న పొయ్యి బిగించాడు. ఎంత కడిగినా ఆ బండిలో రొట్టెల వాసన పోయేది కాదు. ఇప్పటికీ ఏ బేకరీ ముందు నుంచి వెళ్ళినా నాకు ఆ బండిలోకి ఎక్కినట్టే ఉంటుంది, మనసు ఎక్కడికో పోతుంది.

కొండల మీద చలికి మామూలు గ్యాస్ మొరాయిస్తుందని ఎవరో చెబితే, ప్రొపేన్ అనే గ్యాస్ ఉన్న బండ తెచ్చాడు. ఆ బండకి ఆయన చేసిన మర్యాద కొత్తల్లుడికి కూడా ఎవరూ చెయ్యరు. దానికి బయటి నుంచి తలుపు తెరుచుకునే ప్రత్యేకమైన అర. ఆ అరకి బండి లోపలికి సూదిమొన పట్టే సందు కూడా లేదు. నిలువునా నిలబెట్టి, కదలకుండా సీటు బెల్టులతో కట్టాడు. ఆ గ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదట, మనం పసిగట్టాలని కంపెనీలో కలుపుతారట. ఆ సంగతి తెలిసిన రోజు మావయ్య చేతులు జోడించి, “కలిపినవాడెవడో వాడి కడుపు చల్లగా ఉండాలి. ఫోటో దొరికితే దుకాణంలో పెట్టుకుందును,” అన్నాడు.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో సూపర్‌వైజరు. ఆవిడ గొంతుకి తీగలు అక్కర్లేదని తోటివాళ్ళు అనేవాళ్ళు. మావయ్యకి ముక్కెంతో, అమ్మకి ముక్కు మీద కోపం అంత. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది కాబట్టి, ఆయన జుట్టు నెరిసినా ఆవిడకి ఇంకా లాగూ వేసుకునే పిల్లాడే. “అక్క వద్దంది” అంటే ఆ పని ఆయన జన్మలో చేసేవాడు కాదు.

బండి చూడగానే అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

“నిద్రపోయే పెట్టెకే గ్యాసు బండ తగిలించుకుంటారా? కొరివితో తల గోక్కోవడం కాకపోతే ఏమిట్రా ఇది?”

“బండ లోపల లేదక్కా, బయటి అరలో ఉంది. ఆ అర అడుగున చిల్లు పెట్టాను. ఒకవేళ కారినా కిందకి, రోడ్డు మీదకి పోతుంది.”

“కొన్న బండికి చిల్లు పెట్టి, మళ్ళీ గొప్పగా చెబుతున్నాడు చూడు!”

చివరికి అమ్మ తీర్పు చెప్పింది. “మొదటి ప్రయాణానికి నేనూ వస్తా. అన్నీ నా కళ్ళతో చూస్తా. ఏ కాస్త తేడా కనిపించినా, ఇంటికి రాగానే ఆ పొయ్యి పీకించేస్తా. ఆ తర్వాత చల్లారిన రొట్టెలు నములుకుంటూ ఎక్కడ కావాలంటే అక్కడ తిరగండి.”

అత్తయ్య ముఖం చిన్నబోయింది. పొయ్యి లేని బండి ఆవిడకి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఆ ప్రయాణానికి నేనూ వెళ్ళాను. మా నాన్న మాత్రం ఆఫీసులో సెలవు దొరకలేదని చెప్పి తప్పించుకున్నాడు. సెలవు అడగలేదని తర్వాత తెలిసింది.

బయలుదేరే రోజు పొద్దున మావయ్య గిన్నెలో సబ్బు నురుగు కలిపి, గడ్డం గీసుకునే బ్రష్షుతో గ్యాస్ పైపు అతుకులన్నిటికీ పట్టించాడు. ఎక్కడైనా కారుతుంటే నురుగులో బుడగలు లేస్తాయి. ఆయన కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, పైపు ముందు గొంతుక్కూర్చుని, ఎంతకీ లేవలేదు. ఆ బ్రష్షు పైపు కోసమే కేటాయించడం వల్ల ఆయన గడ్డం వారంగా మాసి ఉంది.

“పైపుకి క్షవరం అయిందా? ఇక మనుషులం ఎక్కవచ్చా?” అంది అమ్మ.

“ఎక్కండి,” అన్నాడు. ఎక్కాం. “దిగండి, బండ కట్టానో లేదో చూడాలి,” అన్నాడు. దిగాం. అలా ఎక్కడం దిగడంతోనే మాకు సగం అలసట వచ్చింది.

బండి కదిలితే గ్యాస్ కట్టెయ్యాలన్నది ఆయన మొదటి సూత్రం. పొయ్యి దగ్గర కట్టడం కాదు, బండ దగ్గర. దారిలో అమ్మ, “కాసిని వేడినీళ్ళు పెట్టవే,” అని అత్తయ్యతో అంటే మావయ్య బండి పక్కకి తీసి ఆపేశాడు. “నడిచే బండిలో మంటా? అక్కా, నన్ను దిగిపొమ్మను, దిగిపోతా!” అన్నాడు. తోలేవాడు దిగిపోతే ఎలా అని అమ్మ చల్లనీళ్ళే తాగింది.

పెట్రోలు బంకు దగ్గర ఇంకో భాగోతం. బంకు ఇంకా చాలా దూరం ఉండగానే బండి ఆపి, దిగి, గ్యాస్ కట్టి ఉందో లేదో చూసుకుని, మమ్మల్ని అక్కడే కూర్చోబెట్టి ఒక్కడే బంకు దాకా నడిచి వెళ్ళాడు. పెట్రోలు పోసే మనిషి పైపు పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

“బండేది సార్?”

“వస్తుంది. ముందు నేనొచ్చాను. ఇక్కడెవరూ చుట్టలూ బీడీలూ కాల్చడం లేదు కదా?” అని మెడ సాగదీసి గాలి పీల్చాడు. “వాసన వస్తోందే!”

“పెట్రోలు బంకు కదా సార్! రాకపోతే కదా మేం భయపడాలి!”

“ఒరేయ్! పెట్రోలు దోసిట్లో పట్టుకొస్తావా ఏమిటి, రా!” అని అమ్మ బండిలోంచి కేకేసింది. ఆ కేకకి బంకులో ఉన్న లారీ డ్రైవరు కూడా ఉలిక్కిపడి తన బండెక్కాడు.

సాయంత్రానికి కొండల మధ్య ఉన్న చెరువు చేరాం. అంత నీరు ఒక్కచోట చూసి అత్తయ్య చెప్పులు వదిలేసి ఒడ్డు దాకా నడిచి వెళ్ళింది. మావయ్య బండి చదునైన చోట నిలబెట్టి, పొయ్యి వెలిగించే ముందు నేల పరీక్షకి దిగాడు. తలా ఒళ్ళూ బండిలో, కాళ్ళు తలుపులోంచి బయటికి. అటుగా వెళ్తున్న వల భుజాన వేసుకున్న మనిషి ఆగి, “బండికి రిపేరా అమ్మా?” అని అడిగాడు. “బండికి కాదు నాయనా, మనిషికి,” అంది అమ్మ.

ఆ పూట అత్తయ్య బంగాళాదుంపల పులుసూ, గుడ్లూ చేసింది. మావయ్య స్టూలు మీద కూర్చుని కామెంటరీ చెప్పాడు. మంట నీలంగా, నిటారుగా వెలిగింది. అమ్మ మారు వడ్డించుకుని తిని, గిన్నె అడుగు గీకి, “పొయ్యి సంగతి రేపు చూద్దాం,” అంది. అమ్మ నోటి నుంచి అది దాదాపు మెచ్చుకోలు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

పడుకోబోయే ముందు చలి మొదలైంది. అమ్మ దుప్పటి చెవుల దాకా లాక్కుని, “ఆ పొయ్యి కాసేపు వెలిగించి ఉంచు, వెచ్చగా ఉంటుంది,” అంది.

“పొయ్యి వంటకి. చలికి దుప్పటి,” అన్నాడు మావయ్య.

“ఏమిటీ?”

“తలుపులు మూసుకుని మంట పెట్టుకుంటే మనం పీల్చే గాలిని అది తినేస్తుంది అక్కా. అప్పుడు పుట్టే విషానికి వాసన ఉండదు. నా ముక్కు కూడా పట్టలేదు. పొయ్యి వెలిగించను. కిటికీ కూడా పూర్తిగా ముయ్యను.”

పుట్టి బుద్ధెరిగాక బతిమాలకుండా, సూటిగా అక్క మాట కాదనడం ఆయనకి అదే మొదటిసారి. అన్నాక ఆయనకే భయం వేసినట్టుంది. తన దుప్పటి కూడా తీసి అక్క మీద కప్పి, తెరిచిన కిటికీ కింద తను ముడుచుకు పడుకున్నాడు.

దాని ఫలితం తెల్లారేసరికి తెలిసింది. మావయ్యకి జలుబు చేసింది. మామూలు జలుబు కాదు, ఆ ముక్కుకి తగ్గ జలుబు. తుమ్మితే బండి ఊగింది, చెరువు మీద కొంగలు లేచిపోయాయి. ముక్కు ఎర్రగా ఉబ్బి, రెండు దారులూ మూసుకుపోయాయి. ఆయన సబ్బు తీసి వాసన చూశాడు. జిగురు డబ్బా మూత తీసి చూశాడు. నా దగ్గరికి వచ్చి, “కోడలా, ఇది వాసన వస్తోందా? నాకు రావడం లేదే!” అన్నాడు. కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. అవి జలుబువో, భయానివో తెలియలేదు.

“జలుబు చేస్తే కొంప మునిగినట్టు ఏమిట్రా ఆ ముఖం?” అంది అమ్మ.

“ఇవాళ పొయ్యి వద్దక్కా. రొట్టెలున్నాయి, అవి తిందాం.”

“టీ పడందే నేను మనిషిని కానని తెలుసు కదా. ఊరంత పొయ్యి పెట్టుకుని, దాన్ని చూస్తూ చల్లనీళ్ళు తాగమంటావా? వాడుకోలేని పొయ్యి ఎందుకు మరి? పీకించేస్తే సరి!”

అత్తయ్య చప్పున లేచింది. “నేను పెడతాను వదినా. నాలుగు కప్పులే కదా!” అంది. మావయ్య ఆవిడ వైపు చూశాడు, ఆవిడ ఆయన వైపు చూసింది. ఆయన మళ్ళీ బ్రష్షూ నురుగూ తెచ్చి పైపంతా తడిమాడు. పొయ్యి వెలిగాక పక్కనే నిలబడి, ముక్కు పనిచేయకపోతే కళ్ళున్నాయి కదా అన్నట్టు మంటనే కళ్ళార్పకుండా చూడసాగాడు. నేను బకెట్ తీసుకుని నీళ్ళకి చెరువు దగ్గరికి వెళ్ళాను.

అక్కడి నుంచి నాకు కిటికీలో అత్తయ్య కనిపిస్తోంది. ఎదురుగా నీళ్ళు, ముందు తన పొయ్యి, గిన్నెలో నాలుగు కప్పుల నీళ్ళు. ఆవిడ ముఖం చూసి నాకు కడుపు నిండిపోయింది. అంతలో మావయ్య ఒక్క తుమ్ము తుమ్మాడు. ఒకటి కాదు, తుమ్ముల వరస. ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని బండి దిగి, చెట్టు పట్టుకుని తుమ్ముతూనే ఉన్నాడు. పొయ్యి మీది మంట ఆ మొదటి తుమ్ముకే ఆరిందో, కిటికీ గాలికి ఆరిందో ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు. ఆరిపోయింది మాత్రం నిజం. అత్తయ్య నీళ్ళు చూస్తూ అలాగే నిలబడి ఉంది, నవ్వుతూ.

“గ్యాస్! గ్యాస్ వాసన! దిగవే! దిగు!”

అమ్మ గొంతు కొండలకి తగిలి తిరిగొచ్చింది. ఆవిడ తలుపు దగ్గర కూర్చుని జడ వేసుకుంటోంది, దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది. మావయ్య తుమ్ములు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఒక్క గెంతులో బయటి అర తెరిచి, బండ దగ్గర గ్యాస్ కట్టేశాడు. “అగ్గిపెట్టె ముట్టుకోవద్దు! స్విచ్చులు ముట్టుకోవద్దు!” అని అరుస్తూ అత్తయ్య చెయ్యి పట్టుకుని దింపాడు. ముందు తలుపులూ వెనక తలుపులూ బార్లా తీశాడు. నలుగురం దూరంగా వెళ్ళి నిలబడ్డాం. గాలి బండిలో ఇటు నుంచి అటు తిరిగింది. ప్రమాదం తప్పింది.

తప్పాక అమ్మ అత్తయ్య వైపు తిరిగింది.

“నేను గుమ్మంలో ఉన్నాను. నువ్వు పొయ్యి పక్కనే ఉన్నావు. నాకు గుప్పుమని కొట్టిన వాసన నీకు తెలియలేదా?”

అత్తయ్య తల వంచుకుంది. మావయ్య ముందుకొచ్చాడు.

“నేనే ఆర్పానక్కా, కావాలనే. నీ ముక్కు పనిచేస్తోందో లేదో అని పరీక్ష పెట్టాను. పనిచేస్తోంది. భలేగా పట్టావు!”

“నోరు ముయ్యి,” అంది అమ్మ.

“ఇంక చాలండీ,” అంది అత్తయ్య మావయ్యతో. తర్వాత అమ్మ వైపు చూసింది. “నాకు వాసన తెలియదు వదినా. మన పిల్ల ఉద్యోగంలో చేరిన చలికాలంలో నాకు జ్వరం వచ్చింది చూశారూ, జ్వరం పోతూ పోతూ దాన్ని పట్టుకుపోయింది. మాడినా తెలియదు, పాచిపోయినా తెలియదు. వంటమనిషికి ముక్కు పోయిందంటే ఆ చేతి వంట ఎవరు తింటారు? చెవితో విని, చేతి కొలతతో చేసుకొస్తున్నాను. హాస్టల్లో నాతో పాటు ఇంకో ఇద్దరుంటారు కాబట్టి భయం లేదు. అయినా ఈయన రోజూ వచ్చి చూసిపోతారు. ఇంట్లో ఈయన లేకుండా నేను పొయ్యి ముట్టించను.”

నాకు అప్పుడు అర్థమైంది. మావయ్య స్టూలు మీద కూర్చుని చెప్పిన కామెంటరీ పెత్తనం కాదు. ఆవిడకి వాసనలు ఒక్కొక్కటే అందిస్తున్నాడు.

“అది సరే మావయ్యా,” అన్నాను, “మరి డాక్టరు గారింట్లో నేల మీద పడుకోవడం ఎందుకు? ఊళ్ళో ప్రతి ఇంటి గుమ్మంలోనూ ఆ మెడ సాగదీయడం ఎందుకు?”

ఆయన తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

“ఒక్క మీ అత్తయ్య వంటింట్లోనే చూస్తే అందరూ ఆవిణ్ణి చూస్తారు కోడలా. అందరి వంటిళ్ళలోనూ చూస్తే నన్ను చూస్తారు. నవ్వితే నన్ను చూసి నవ్వుతారు. నా ముక్కు ఎలాగూ నవ్వొచ్చే ముక్కే కదా!”

అమ్మ మావయ్య వైపు తిరిగింది. జుట్టులో దువ్వెన అలాగే వేలాడుతోంది.

“నాకు కూడా చెప్పలేదేమిరా?”

“నీకు చెబితే పొయ్యి పీకించేస్తావు కదక్కా.”

అమ్మ వెనక్కి తిరిగి చెరువు గట్టు దాకా వెళ్ళి, మా వైపు వీపు పెట్టి నిలబడింది. అత్తయ్య బండి మెట్టు మీద కూర్చుని ఒళ్ళో చేతులు పెట్టుకుంది. ఆవిడ ఏడవలేదు, ఏడవకుండా ఉండడానికి చాలా కష్టపడింది. మావయ్య పనిముట్ల పెట్టెలోంచి స్క్రూడ్రైవర్ తీసి, పొయ్యి మరలు విప్పబోయాడు. అక్క నోటి నుంచి ఆ మాట అత్తయ్య వినకుండా ముందే తీసేద్దామని ఆయన ఆలోచన.

అమ్మ వచ్చి చూసింది.

“ఏం చేస్తున్నావు?”

“పొయ్యి తీస్తున్నానక్కా.”

“తీస్తే టీ ఎక్కడ కాస్తుంది, నీ నెత్తి మీదా?”

మావయ్య చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

“చూపు ఆననివాళ్ళని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తాంరా, రోడ్డు తవ్వి పారెయ్యం,” అంది అమ్మ. “కాకపోతే ఒకటి. ఈ బండికి నీ ఒక్క ముక్కు చాలదు, దానికి జలుబు చేస్తుంది. ఇంకో ముక్కు కావాలి. ఇకమీద ప్రతి ప్రయాణానికీ నేనూ వస్తా.”

మావయ్య ముఖం వెలగబోయి సగంలో ఆగింది.

“ప్రతి ప్రయాణానికీనా అక్కా?”

“ప్రతి ప్రయాణానికీ. ఏం, కష్టమా?”

“అబ్బే!” అన్నాడు మావయ్య నీరసంగా. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను, తీరా చూస్తే నవ్వుతోంది.

బండి బాగా గాలి పోసుకున్నాక అమ్మ లోపలికెళ్ళి, మావయ్య చెప్పిన చోటల్లా వంగి చూసింది. లావు మనిషి, నేల దాకా వంగడం మాటలా? వంగాక లేవలేకపోతే నేనూ మావయ్యా చెరో రెక్కా పట్టుకుని లేవదీశాం. “ఏమీ లేదు, శుభ్రంగా ఉంది,” అని డ్యూటీలో చెప్పినట్టు చెప్పింది. మావయ్య బిస్కెట్ల డబ్బా రేకు కత్తిరించి, పొయ్యికి గాలి తగలకుండా అడ్డం పెట్టాడు. మళ్ళీ నురుగు, మళ్ళీ బ్రష్షు. అత్తయ్య పొయ్యి వెలిగించింది. మావయ్య స్టూలు మీద ఈసారి అమ్మ కూర్చుంది.

“వెలిగింది... నీలంగా ఉంది... నీళ్ళు కాగుతున్నాయి... పొడి వెయ్యి... ఆఁ, చాలు... పొంగుతోంది, దించు, దించు!” ఎక్స్ఛేంజిలో నేర్చిన గొంతు కదా, చెరువు అవతలి ఒడ్డు వాళ్ళు కూడా ఆ టీ ఎలా కాగుతోందో విన్నారు.

అత్తయ్య కప్పుల్లో పోసి అందరికీ ఇచ్చింది. ఇంకో గిన్నెలో మావయ్య ఆవిరి పట్టుకోవడానికి నీళ్ళు పెట్టి, తన కప్పు తీసుకుని అమ్మ పక్కన కూర్చుంది.

“వాసన ఎలా ఉంది వదినా?”

“టీ వాసన... టీలాగే ఉంది,” అంది అమ్మ.

“అలా చెబితే ఆవిడకేం తెలుస్తుందక్కా?” అన్నాడు మావయ్య ముద్దగా, ముక్కుతో. “కాస్త వివరంగా చెప్పాలి. నేను రోజూ చెబుతాను. నాకివాళ రావడం లేదు కాబట్టి నువ్వే చెప్పాలి.”

అమ్మ కప్పు ముఖం దగ్గర పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. మాటలకి ఎన్నడూ తడుముకోని మనిషి తడుముకుంది.

“నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చి తలుపు తోసేసరికి, నేను అడక్కుండానే ఎవరో లేచి నాకోసం టీ పెట్టి ఉంచితే ఎలా ఉంటుందో, అలా ఉందే,” అంది.

అత్తయ్య తన కప్పు పైకెత్తి కళ్ళు మూసుకుంది. ఆవిరి ఆవిడ ముఖానికి తగిలింది.

“ఆఁ,” అంది. “వచ్చింది.”

“నేను ఇన్నాళ్ళుగా చెబుతుంటే ఒక్కసారి కూడా ఇలా కళ్ళు మూసుకోలేదు!” అని మావయ్య అలిగి, మూతి ముడిచి, ఉన్నట్టుండి తుమ్మాడు. మేం ముగ్గురం టీలు వదిలేసి ఒక్కసారిగా పొయ్యి వైపు తిరిగాం. మంట ఊగింది, వంగింది, మళ్ళీ లేచి నీలంగా నిలబడింది.